హీబ్రూ నవలలో ఆవిడ

పెళ్లైన కొత్తలో మా ఆయన అవనిగడ్డ లైబ్రరీ నుంచి ఒక హీబ్రూ నవలకు ఇంగ్లీషు అనువాదం తెచ్చి, సాయంత్రాలు నాకు తెలుగులో చెప్పేవారు. వ్యవసాయం చేసుకునే ఊళ్లో ఒక కుటుంబం కథ అది. అందులో భర్త ఏ పంట వేయాలన్నా భార్యనడిగేవాడు. "ఎంత తెలివైందో చూడు!" అని ఈయన మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడే మా చేను రొయ్యల చెరువుకిచ్చేద్దామని మావయ్యగారూ ఆయనా అనుకున్నారు. నన్నెవరూ అడగలేదు.

"ఆవిడనైతే అడిగేవాళ్లేగా!" అన్నాను అన్నం వడ్డిస్తూ.

ఆయన తినడం ఆపి, "నువ్వేమంటావ్?" అన్నారు.

"వరే వేద్దామండీ. ఉప్పునీళ్లు పెడితే ఆ నేల మళ్లీ పండదు."

వరే వేశాం, బాగానే పండింది. అయినా ఆవిడ మీద నా అసూయ తగ్గలేదు. ఆవిడ దెప్పకుండానే మొగుడు అడిగేవాడు మరి.