ఆఖరున వచ్చిన మొదటి కథ

పిన్ని పోయిందన్న కబురు నాకు పాలవాడి నోట తెలిసింది. రిసాలిలో పాలు పోసి, నేనిప్పుడు ఉంటున్న ఉతైకి తిరిగి వస్తూ మా గుమ్మం ముందు సైకిలాపి, "దీదీ, రిసాలీవాలీ మౌసీ నహీ రహీ" అన్నాడు. అప్పటికి దహనం కూడా అయిపోయింది. ఆవిడ కొడుకు నాకు కబురు పెట్టలేదు. తోచలేదట.

ఆవిడ నాకు చుట్టం కాదు, భిలాయి క్యాంప్ 2 కాలనీలో మా పక్కింటావిడ. విజయనగరంలో బి.ఏ. చదివి, ఉక్కు ప్లాంటులో పనిచేసే బాబాయిని పెళ్లాడి భిలాయి వచ్చింది. నేను భిలాయిలోనే పుట్టాను. బడిలో హిందీ, వీధిలో హిందీ. తెలుగు మాట్లాడేదాన్నే కాని చదవడం రాదు. అది నేర్పింది పిన్ని. వాచకాలతో కాదు, ఒక మాయారాజ్యపు నవలలతో.

ఉప్పుకొండల నడుమ ఒక రాజ్యం, మబ్బుల్ని పిలవగల రాణి, ఆ రాణి వెళ్లగొట్టిన చెల్లెలు. ఎప్పుడో ఒకసారి కొత్త భాగం వచ్చేది. వాల్తేరు నుంచి ఎవరు రైలెక్కుతున్నా పిన్ని ముందుగా దాని సంగతే అడిగేది. చదువుతుంటే ఆవిడ పక్కన కూర్చోవాలి. నవ్వొచ్చే చోట పుస్తకం మూసేసి, నవ్వడం అయ్యాకే మళ్లీ తెరిచేది. దుష్టమంత్రి మాటలన్నీ బాబాయి అన్నగారి గొంతు పెట్టి చదివేది. బాబాయి కూడా నవ్వు ఆపుకోలేకపోయేవాడు.

చిక్కల్లా ఆ కథ వరుసగా రాకపోవడం. మొదట అచ్చయిన పుస్తకంలోనే రాణి ముసలిది, కర్కోటకురాలు. రెండోది ఆమె మనవడి కాలం. ఆ తర్వాత ఉన్నట్టుండి వెనక్కి వెళ్లి చెల్లెలి పెళ్లి. నాకు చిరాకేసి, ఒకరోజు అలమారలో పుస్తకాలన్నిటినీ కథ జరిగిన వరుసలో సర్దాను. పిన్ని చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఏటే ఇది?"

"మొదట్నుంచీ చదవాలి కదా పిన్నీ."

"రాసినాయన ఎలాగ చెప్పేడో అలాగే వినాల. రాణి మీద నీకు కోపం ఒచ్చిందా, నేదా?"

"వచ్చింది. దుర్మార్గురాలు."

"ఎనకటి కథ ముందే చదివీస్తే ఆ కోపం ఎక్కణ్ణించొస్తాది? కోపం రావాల. తరవాత అసలేటయిందో తెలియాల. అప్పుడుగాని మనిషి అర్థమవదు" అంటూ పుస్తకాలన్నీ మళ్లీ మార్చి పెట్టేసింది.

రాణి చిన్నప్పటి కథ అన్నిటికన్నా ఆఖరున వచ్చింది. నేను గబగబా చదివేసి ఇచ్చాను. పిన్ని సగంలో ఉండగా బాబాయి జబ్బుపడ్డాడు. మళ్లీ లేవలేదు.

ఉద్యోగంలో ఉండగా పోయినవారి ఇంట్లో ఒకరికి ప్లాంటులో పని దొరికేది. పిన్నికి డిగ్రీ ఉంది. ఆవిడకు ఆఫీసులో ఏదో ఒకటి ఇచ్చేవారే. ఇంటర్ తప్పి తిరుగుతున్న కొడుకు చేరాడు. ఎవరడిగినా పిన్ని, "నాకెందుకే ఆ తలనొప్పి" అనేది. చేతిదాకా వచ్చినదాన్ని ఇలా వదులుకుందేమిటని నాకు ఆవిడ మీదే కోపం వచ్చింది.

కొడుకుకు రిసాలిలో క్వార్టర్ ఇచ్చారు. ఇల్లు మారే రోజు సాయానికి వెళ్లాను. అలమార ఖాళీగా ఉంది.

"అక్కడ జగా లేదమ్మా. కబాడీవాడికి తూకానికి ఇచ్చీసేను" అన్నాడు కొడుకు, మంచానికి తాడు బిగిస్తూ.

"ఆఖరుదీనా?" అంది పిన్ని.

"అన్నీనూ."

పిన్ని గిన్నెలు మూట కట్టుకుంది.

ఆ పుస్తకం కోసం విశాఖపట్నం దుకాణాలకు రాశాను. అచ్చులో లేదన్నారు. ఒకసారి రిసాలి వెళ్లినప్పుడు మిగతా కథ నేను చెప్పనా అని అడిగాను.

"చెప్పకే. అది నాను చదవాల. ఎక్కడో దొరుకుతాదిలే."

దొరకలేదు.

పెద్దకర్మ భోజనాలకు వెళ్లాను. షామియానా కింద బాబాయి అన్నగారు వచ్చినవాళ్లందరికీ వినపడేలా చెబుతున్నాడు. "మా మరదలు బంగారం. మొదట ఉద్యోగం నాకే కావాలని తిండి మానీసి కూకుంది. కాయితాల మీద సంతకం ఎట్టనంది. ఆడది డ్యూటీకెళ్తే మా మొకాలెక్కడ ఎట్టుకోవాల? నువ్వు సంతకం ఎట్టకపోతే ఇల్లొదిలి పోతానని కుర్రోడి చేత అనిపించేను. అప్పుడెట్టింది. ఎంత త్యాగం!"

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. "త్యాగమూర్తి" అన్నారెవరో, ఇంకాస్త పులుసు వేయించుకుంటూ.

చేతిలో ముద్ద విస్తరిలో పెట్టేశాను. ఇన్నేళ్లూ ఆవిడ మీద పెట్టుకున్న కోపం ఆ విస్తరి ముందే పోయింది. దాని చోట వీళ్ల మీద పుట్టినది మాత్రం పోయేలా లేదు, పోవాలనీ నాకు లేదు. తిండి మాని కూర్చున్న మనిషి దగ్గర లాక్కున్నదానికి త్యాగమని పేరు పెట్టి, ఆ పేరుతోనే ఆవిణ్ణి సాగనంపారు. ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆవిడ చలవ. ఆ తెలుగుతో రాయవలసి వచ్చింది ఇదీ.

విస్తరి ముందు నుంచి లేచి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర కొడుకు రెండో షిఫ్టుకి బయల్దేరుతున్నాడు. సెలవు దొరకలేదట. గుండు చేయించుకున్న తల మీద హెల్మెట్ నిలవడం లేదు. స్కూటర్ అద్దంలో చూసుకుంటూ పట్టీ బిగిస్తున్నాడు. వదిలిన ప్రతిసారీ అది కళ్ల మీదికి జారుతోంది.