ఎడమ చెయ్యి తిరిగి ఇచ్చిన కోచ్

మా అమ్మాయి కాలేజీ లాక్రాస్ కోచ్ పోయారని మంగళవారం పొద్దున కాలేజీ నుంచి ఈమెయిల్ వచ్చింది. “మా కుటుంబ సభ్యురాలు” అని రాశారు. రెండేళ్ల కిందట ఆవిడ చేత రాజీనామా రాయించుకున్న క్రీడల ఆఫీసే ఆ మెయిల్ పంపింది. మైదానం పక్కన ఆవిడ జ్ఞాపకార్థం బెంచీ వేస్తారట. ఆట జరుగుతుండగా ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్లు అసలు ఆట చూసి ఉంటే కదా తెలిసేది.

లాక్రాస్ అంటే, ఇక్కడ అమెరికాలో, చివర వలసంచి ఉన్న కర్రతో బంతిని పట్టి, పరుగెత్తుతూ విసిరే ఆట. అమ్మాయిల జట్టు మొదలుపెట్టిన కొత్తలో ఆవిడకి మైదానం కూడా ఇవ్వలేదట. అబ్బాయిల సాకర్ ప్రాక్టీసు అయ్యేదాకా కాచుకుని, తెల్ల గీతలు తనే గీసుకునేవారట. మ్యాచ్‌లకి వేరే ఊళ్లు వెళ్లాలంటే వ్యాన్ కూడా తనే నడిపేవారు. ఇరవై రెండేళ్లు అలా గడిచాయి.

అమ్మాయి చేరిన మొదటి వారంలోనే నన్ను పిలిచి, “ఈ పిల్ల ఎడమ చెయ్యి ఎవరు లాగేసుకున్నారు?” అని అడిగారు.

నేనే. మూడేళ్ల పిల్ల ఎడమ చేత్తో అన్నం కలుపుకున్నా, ప్రసాదానికి ఆ చెయ్యి చాచినా వేళ్ల మీద కొట్టి కుడిచెయ్యి అలవాటు చేశాను. మా ఇళ్లలో అందరూ చేసేదే అన్నాను.

“అందరూ చేశారంటే ఎవరూ ఆలోచించలేదన్నమాట,” అన్నారు. జిమ్ వెనక గోడ చూపించి, “గోడకి మొహమాటం లేదు. ఎలా విసిరితే అలాగే తిరిగిస్తుంది,” అన్నారు. ఈ ఆటకి రెండు చేతులూ కావాలట; రోజూ ఆ గోడకి ఎడమ చేత్తో రెండొందల సార్లు బంతి విసరాలి. ఆ చెయ్యి కుదిరేదాకా మ్యాచ్‌లో దించనని చెప్పేశారు.

నాకు ప్రతిదీ రాసుకునే అలవాటు. ఏ మ్యాచ్‌లో అమ్మాయి ఎన్ని నిమిషాలు ఆడిందో నోట్‌బుక్‌లో రాసేదాన్ని. ఆ ఏడాది పేజీల నిండా సున్నాలే. ఒకసారి కోచ్ అది చూసి, “గోడ దగ్గరి నిమిషాలు ఏ పేజీలో ఉన్నాయి?” అన్నారు. అవి నేను రాయలేదు.

రెండో ఏడాది కొందరు తల్లిదండ్రులు, పిల్లల్ని ఆడనివ్వట్లేదని ఆవిడ మీద ఫిర్యాదు తయారుచేశారు. మా ఊరు కమ్మింగ్‌లోనే ఉండే ఇంకో తెలుగు తండ్రి ఫోన్ చేసి, “అక్కా, మీ నోట్‌బుక్ ఫొటోలు పంపండి. డేటా ఉంటే కాలేజీ వాళ్లు నోరెత్తలేరు,” అన్నాడు. పంపాను. సున్నాలు ఎందుకున్నాయో, ఆ చెయ్యి ఎవరు చెడగొట్టారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నెల తిరక్కుండా ఆవిడని పంపేశారు.

“అమ్మా, నా మినిట్స్ నువ్వే ఇచ్చావా? నేను అడిగానా నిన్ను?” అంది అమ్మాయి. చాలాకాలం నాతో అవసరానికే మాట్లాడింది. తర్వాతి సీజన్‌లో మొదటి గోల్ ఎడమ చేత్తోనే వేసింది. చూడాల్సిన మనిషి మైదానంలో లేరు.

మొన్న సంస్మరణ సభలో అదే తండ్రి నా పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. “గొప్ప మనిషి అక్కా. మన పిల్లలకి డిసిప్లిన్ నేర్పించారు.”

“లెటర్‌లో దాన్నే టార్చర్ అని రాశాం కదా,” అన్నాను.

అతను ఫోన్ తీసి చూసుకున్నాడు. వేదిక మీద ఆఫీసు పెద్ద, ఆవిడ విలువల గురించి కాగితం చూసి చదువుతున్నాడు. ఆ గొంతు వింటుంటే ఒళ్లు మండింది. నన్ను కూడా ఆ లెటర్ రాసినవాళ్ల వరసలోనే కూర్చోబెట్టారు. నా చోటు అదే.

చివర్లో ఆడపిల్లలు ఒక్కొక్కరే వెళ్లి ఆవిడ ఫొటో ముందు బల్ల మీద ఒక్కో పసుపు లాక్రాస్ బంతి పెట్టి వచ్చారు. మా అమ్మాయి ఎడమ చెయ్యి చాచింది. ‘కుడిచెయ్యి’ అన్న మాట అలవాటుగా నా నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. పెట్టిన బంతి బల్ల అంచు దాకా దొర్లింది. తను కళ్లు ఫొటో మీంచి తిప్పకుండానే ఎడమ చేత్తో దాన్ని అందుకుని, మళ్లీ అక్కడే పెట్టింది.