గుడారం దాకా తీగ

కొండల మధ్య నరీన్ పట్నం బజారులో, కలీపా రిపేరు కొట్టుకు వచ్చేవాళ్లది ఒకటే పాట: "అక్కా, కంప్యూటర్ మూగబోయింది." కలీపా నవ్వుతుంది. "నువ్వే ఏదో నొక్కి ఉంటావు. ముందు ప్లగ్ సరైన చిల్లులో పెట్టావా?" పాడైన ఇయర్‌ఫోన్ ఒక్కటీ పారెయ్యదు, తీగ తీసి దాచుకుంటుంది. పొట్టి తీగలు కలిపి పొడుగు చెయ్యడంలో తనను మించినవాళ్లు లేరని ఎవరూ అడక్కుండానే చెబుతుంది.

ఆ చలికాలం, పై లోయలో జుమకదీర్ అనే పెద్దాయన పోయాడు. శవాన్ని వాకిట్లో గుడారం వేసి ఉంచారు. ఆడవాళ్లు లోపల కూర్చుని శోకాలు పాడుతున్నారు. కూతురి శోకం వినకుండా తండ్రిని సాగనంపడం అక్కడ ఉండదు. ఆ కూతురు ఆయ్‌గనిష్ దూరాన ఓష్ పట్నంలో చిక్కుకుపోయింది, దారిలో కనుమ నిండా మంచు. లోయలో ఫోన్ పలకదు. ఇంట్లోని కంప్యూటర్‌కు మాత్రం నెట్ ఉంది. గుడారానికీ దానికీ మధ్య పెద్ద వాకిలి.

జుమకదీర్ కొడుకు బెక్తుర్ బండేసుకుని వచ్చి కలీపాను తీసుకెళ్లాడు. "మధ్యాహ్నం నమాజులోపు మట్టి చెయ్యాలక్కా. అవుతుందా?"

"నేనొచ్చాక ఇంకా అవుతుందా అంటావేంట్రా!"

ఇయర్‌ఫోన్ తీగలోని వెంట్రుకల్లాంటి రాగి పోగుల మీద రంగు పూత ఉంటుంది. అగ్గిపుల్లతో కాల్చి గీకకపోతే ఎంత మెలిపెట్టినా శబ్దం దాటదు. కలీపా కాల్చి, గీకి, రంగుకు రంగు కలిపి, వాకిలి దాటించి, గుడారంలో బ్యాటరీ స్పీకరుకు తగిలించింది. కంప్యూటర్‌లో ఓష్‌కు కాల్ కలిపి, చావింట అద్దాలు కప్పినట్టే దాని తెర మీదా తెల్లగుడ్డ కప్పింది.

"అక్కా, వినబడుతోందా?" అంది స్పీకర్లోంచి ఆయ్‌గనిష్ గొంతు. అంతే, ఆగిపోయింది.

"తీగ తెగింది," అన్నాడు బెక్తుర్.

"నా ముడి తెగదు!" కలీపా ఇంట్లోకి పరుగెత్తింది. గుడ్డ ఎత్తి చూస్తే ఎవరో శబ్దం ఆపేశారు. మళ్లీ పెట్టి వచ్చింది. "నాన్నా..." అన్న ఒక్క మాట, మళ్లీ నిశ్శబ్దం. బయట మగవాళ్లు అప్పుడే పాడె సర్దుతున్నారు.

ఈసారి శబ్దం పెట్టి తలుపు వెనక నిలబడింది. జుమకదీర్ అక్క, ముసలి ఉల్కాన్, గుడారంలోంచి మెల్లగా వచ్చి కీబోర్డు మీద శబ్దం ఆపే మీట నొక్కింది.

"పెద్దమ్మా! ఏం చేస్తున్నావ్?"

"చావింట్లో ఈ పెట్టె మోతేమిటే? టీవీ ఆపాను, రేడియో ఆపాను. దీనికి మాత్రం బుద్ధుండొద్దూ! మనవడు చూపించాడులే ఈ మీట."

"అది మోత కాదు పెద్దమ్మా. నీ మేనకోడలు. నాన్న కోసం ఏడుస్తోంది."

ముసలమ్మ చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. తనే మళ్లీ నొక్కి శబ్దం పెట్టింది. గుడారంలోంచి ఆయ్‌గనిష్ శోకం వాకిలంతా పాకింది. పాడె పట్టినవాళ్లు దించేసి తలలు వంచుకున్నారు. లోపలి ఆడవాళ్లు గొంతు కలిపారు.

"నువ్వూ గుడారంలోకి వెళ్లు పెద్దమ్మా, తమ్ముణ్ని లేవదీసేస్తారు," అంది కలీపా.

ఉల్కాన్ కదల్లేదు. ఇంకెవరూ నొక్కకుండా ఆ మీటను రెండు చేతులతో కప్పుకుని కూర్చుంది.

"నిన్నట్నుంచీ నా ఏడుపే విన్నాడు. ఇప్పుడు దానిది విననీ."