ఉప్పు కరిగేదాకా

మా పాప జానుకి అప్పుడు రెండేళ్లు. ఒక మధ్యాహ్నం నీళ్లు పోసి, ఒళ్లో పడుకోబెట్టుకుని తల తుడుస్తా ఉంటే ఎడమ బుగ్గ మీద సగ్గుబియ్యం గింజంత గుల్ల కనపడింది. తెల్లగా, నున్నగా, నడిమధ్యలో చిన్న సొట్ట. వాకిలి అవతల ఎండలో సముద్రం మగతగా ఊగతా ఉంది. పాప నిద్రలో నవ్వతా ఉంది. నాకు ఆ గింజ తప్ప ఇంకేమీ కనపడలేదు.

నాకు ఓపిక లేదు. పొయ్యి మీద అన్నం పెడితే పదిసార్లు మూత తీసి చూసే రకం. మర్నాడే నెల్లూరులో స్కిన్ డాక్టర్ దగ్గరికి పోయినాను. ఆమె లైటు వేసి చూసి, మొలస్కమ్ అన్నది. వైరస్ వల్ల వస్తుందంట, ప్రమాదం లేదంట, నెలలు పట్టినా దానంతట అదే పోతుందంట. గిల్లొద్దు, పాప తువ్వాలు వేరే పెట్టు, అంతే అన్నది. మందు చీటీ లేకుండా పంపించేసరికి నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చింది ఏమీ చెయ్యొద్దని చెప్పించుకోవడానికా?

మా అత్త మాత్రం రోజూ పొద్దున్నే పాపని చంకనేసుకుని తీరానికి పోయి, దాని గుప్పిట్లో కాస్త కల్లుప్పు పెట్టి అలలోకి వేయించేది. ఉప్పు కరిగినట్టు గుల్లా కరుగుతుందని ఆమె నమ్మకం. సముద్రానికి ఉప్పు పెట్టేదేందని నేను నవ్వేదాన్ని.

రెండు నెలలకి పక్కన ఇంకోటి లేచింది. బిడ్డ మొహం మీద మచ్చ పడిపోతుందేమోనని నాకు ఒకటే దిగులు. ఎవరో వెల్లుల్లి అన్నారు. వంటింటి దినుసేగా, ఏం చేస్తుందిలే అని నూరి పెట్టి, పైన ప్లాస్టర్ అతికించినాను. పాప ఏడిచింది. కాసేపటికి సర్దుకుంటుందిలే అనుకున్నాను. తీసి చూస్తే బుగ్గ బొబ్బలెక్కి ఉంది. పాపని ఎత్తుకుని మళ్లీ నెల్లూరు పరిగెత్తినాను.

డాక్టరమ్మ తిట్టలేదు. "గుల్ల దానంతట అదే పోయేదమ్మా. ఇప్పుడు ఈ కాలిన పుండుకే మందు కావాలి," అని ఆయింట్‌మెంట్ రాసిచ్చింది. ఇంటికొచ్చి అత్త మొహం చూడలేకపోయినాను. ఆమె ఒక్క మాటే అన్నది.

"రేపు నువ్వు కూడా రా, అమ్మే."

పుండు మానేదాకా, మానినాక కూడా ఆమెతో తీరానికి పోయినాను. మంచులో పడవలు కనపడీ కనపడకుండా తేలతా ఉండేవి. పాప వేసిన ఉప్పు నురగలో ఎటు పోయేదో తెలిసేది కాదు. ఆ ఉప్పు గుల్లకేం చేసిందో నాకు తెలీదు. ఊరుకోలేని నా చేతులకి మాత్రం పాప గుప్పిట్లో ఉప్పు పోసే పని దొరికింది. ఎన్ని పొద్దులు అట్టా గడిచినాయో, ఒకరోజు చూస్తే గుల్లలు లేవు. ఎప్పుడు పోయినాయో కూడా గమనించలా.

జానుకి ఇప్పుడు నాలుగేళ్లు. గుల్లల వల్ల ఏ మచ్చా పడలేదు. వెల్లుల్లికి కాలిన చోట మాత్రం చిన్న తెల్లమచ్చ ఉండిపోయింది. అందుకే తోటి అమ్మలకి ఒక్కటే చెప్తాను. పిల్లల మొహం మీద ఏది లేచినా ముందు డాక్టర్‌కి చూపించండి. ఆగమంటే ఆగండి. ఇంటి వైద్యమైనా సరే, అడగకుండా పెట్టొద్దు.

మొన్న తీరంలో పాప ఆ మచ్చ తడుముకుని ఇదేందమ్మా అనడిగింది. అత్త ఏదో కథ చెప్పబోయింది. నేనే నోరు తెరిచి, "అది అమ్మ చేసిందే తల్లీ," అన్నాను.

పాప తన గుప్పిట్లో ఉప్పు సగం నా చేతిలో పోసి, "నువ్వు కూడా వెయ్యి, పోతుంది," అన్నది.