పాట కింద పేరు

ఇస్సాకు నోట్లో వేలు పెట్టినా కొరకడని నంద్యాలలో అతన్ని ఎరిగినవాళ్లంతా అంటారు. మెచ్చుకోలుగానే అంటారు. అతని భార్య దెబోరాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండేది. మొగుడు మెత్తనివాడని లోకమంతా మెచ్చుకుంటే కట్టుకున్నదానికి ఒరిగేదేముంది గనక!

చర్చిలో మూలపడిన పాత గిటారుతో అతని సంగీతం మొదలైంది. రాక్ క్యాసెట్లు అరిగిపోయేదాకా విని, తనంతట తానే నేర్చుకున్నాడు. కరెంటు గిటారు కొని ఆరాధనలో ఒకసారి ఉరిమించాడు. "ఇది దేవుని మందిరమా, రైసుమిల్లా?" అని సంఘపెద్దలు అక్కడికక్కడే ఆపించారు. అట్లా చెన్నై దారి పట్టాడు. స్టూడియోవాళ్లు పిలిస్తే పోవడం, హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాళ్లడిగింది వాయించడం, మళ్లీ రైలెక్కి రావడం. సినిమాలో హీరో నడిచొస్తుంటే కుర్రకారు ఈలలేసే ఆ గర్జన చాలాసార్లు ఇస్సాకు వేళ్లదే. తెరమీద పేరు ఇంకొకరిది. సెషన్ వాయించేవాళ్ల బతుకే అంత. దానికి దెబోరా ఏనాడూ బాధపడలేదు.

ఆమె బాధంతా ఒక్క పాట గురించి.

తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయినప్పుడు దెబోరా నెలల తరబడి నోరు విప్పలేదు. ఇస్సాకుకు ఓదార్చడం చేతనైతే గదా! మంచం పక్కన కూర్చుని గిటారు మీటేవాడు. మీటగా మీటగా ఒక బాణీ కుదిరింది. ఒక సాయంత్రం దెబోరా దానికి సన్నగా గొంతు కలిపింది. బిడ్డ పోయాక అతను ఆమె గొంతు వినడం అదే మొదలు.

ఆ బాణీని చెన్నైలో సంగీత దర్శకుడు ప్రభాకర్‌కు వినిపించాడు. ఆయన దానికి మాటలు రాయించి, ఒక క్రైస్తవ ఆల్బంలో వేసుకున్నాడు. అట్ట మీద సంగీతం ప్రభాకర్ అని పడింది. సొమ్మొకడిది, సోకొకడిది! పాట ఊరూరా పాకింది. ఇప్పుడు ఏ ఇంట చావు జరిగినా, ఆదరణ కూడికలో అదే పాడతారు.

"నా బిడ్డ పోయిన పాట అది. దాని కింద నీ పేరుండాల," అనేది దెబోరా. "అడగందే అమ్మయినా పెట్టదు. అడుగు."

"దేవునికి తెలుసులే," అనేవాడు ఇస్సాకు.

"దేవునికి తెలుసు. నంద్యాలకు తెలీదే."

తర్వాత అమృత పుట్టింది, పెరిగింది, నర్సు అయింది. దెబోరాకు షుగర్ ముదిరి ముందు కళ్లు పోయాయి, ఆపైన మూత్రపిండాలు. డయాలసిస్ మంచం మీద ఉండగానే ప్రభాకర్ ఆ పాటను కొత్తగా యూట్యూబ్‌లో పెట్టబోతున్నాడని, గిటారుకు రమ్మని ఇస్సాకుకు కబురొచ్చింది.

"ఈసారన్నా అడుగు, అమృత నాయనా. నేనుండంగా వినాల," అంది దెబోరా. ఆమె ఇంకేమీ కోరలేదు.

ఇస్సాకు పోయాడు. తన పాటను తానే, ఒకరు చెప్పినట్టు వాయించాడు. దోవ పొడుగునా వల్లెవేసుకున్న మాట అడగకుండానే గిటారు సర్దుకున్నాడు. ప్రభాకర్ భుజం తట్టి పంపించాడు. ఇంటికొచ్చి, "అడిగినా. ఏస్తానన్యాడు," అని అబద్ధం చెప్పాడు. ఆ పిచ్చితల్లి ఆసుపత్రిలో ఆయాలకు కూడా చెప్పుకుని మురిసింది.

పాట వచ్చింది. అమృత ఫోన్ చూసి, తండ్రి చేతిలో పెట్టింది. దెబోరా చివరిదాకా విని, "పడిందా?" అంది.

"పడింది."

"సదువు."

తెరమీద ప్రభాకర్ పేరే ఉంది. ఇస్సాకు లేని అక్షరాలు చదివాడు. "బాణీ, ఇస్సాకు, నంద్యాల."

"ఇంగోసారి," అంది దెబోరా. మళ్లీ చదివాడు. ఆమె నవ్వింది. ఆ వారమే పోయింది.

సమాధి రాయి చెక్కించడానికి ఇస్సాకు ఆళ్లగడ్డ బస్సెక్కాడు. చెక్కీచెక్కని దేవతా విగ్రహాల మధ్య కూర్చున్నాడు శిల్పి వీరాచారి. రాతిమీద తప్పు పడితే చెరపలేరు గనుక, ముందు రంగుతో రాసి, చెక్కించుకునేవాళ్ల చేత పైకి చదివించుకున్నాకే ఉలి పెట్టడం ఆయన పద్ధతి. దెబోరా పేరు, తేదీలు, పాట పల్లవి రాశాడు. ఇస్సాకు రాసిచ్చిన చీటీలో ఆ కింద, బాణీ కట్టినవాడి పేరు దగ్గర కుంచె ఆపాడు.

"ఏందప్పా ఇది? మా ఇంటెనకాల చర్చిలో రోజూ ఇదే పాట. ఎవురో ప్రభాకర్ అనే ఆయనదంట గదా. తప్పు చెక్కితే రాయి పాడైతాది."

ఇస్సాకు చీటీలోని పేరు మీద వేలు పెట్టాడు.

"ఆయనది కాదప్పా. నాది," అన్నాడు. "నా పెండ్లాం కోసరం కట్టినా."

బతుకంతా నోరు దాటని మాట, వినాల్సిన మనిషి పోయాక దాటింది. వీరాచారి కుంచె రంగులో ముంచాడు. రాసి, పక్కకు జరిగాడు.

"సదువు మల్ల."

"బాణీ, ఇస్సాకు, నంద్యాల."

ఈసారి అక్షరాలు ఎదురుగా ఉన్నాయి. పెదాలు కదిలాయి గానీ గొంతే రాలేదు.

"ఇనపడలేదప్పా," అన్నాడు వీరాచారి. "ఇంగోసారి."