కాలవలో దిగిన కారు

మా నిడదవోలు కొట్టు వెనక గోడౌన్‌లో నా చిన్నప్పటినుంచీ ఒక కారు ఉండేది. పేరుకి కారే గానీ ఇంట్లో దాన్ని ఎవరూ వాహనంగా లెక్కేసేవారు కాదు. దాని మీద ఖాళీ గోనెసంచులు, సంచుల మీద పాడైపోయిన త్రాసు, త్రాసులో పిల్లి. ఎక్కడ తుప్పు పట్టకుండా మిగిలిపోతుందోనని భయపడినట్టు పక్కనే ఉప్పు బస్తాలు పేర్చేవాళ్లు.

దానికి రేకు పైకప్పు లేదు. గుడ్డ టాపు వెనక్కి మడిచే రకం. ఎవరో రైసుమిల్లు ఆయన మద్రాసులో ముచ్చటపడి కొనుక్కొచ్చి, మన గోదావరి వానల్లో రెండేళ్లు తడిసి, మా తాతయ్యకి అంటగట్టాడట. తాతయ్య కిరాణా వ్యాపారి. టాపు తీసేస్తే బస్తాలు పైనుంచే దింపుకోవచ్చన్నది ఒక్కటే ఆయనకి ఆ కారులో కనిపించిన అందం. వెనక సీట్లో ఏళ్ల తరబడి బెల్లం దిమ్మలు మోసింది. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం తడిగుడ్డతో తుడిచి ఊరేగింపులకి ఇచ్చేవాడు. మా ఊళ్లో ఒక తరం పెళ్లికొడుకులు పట్టుపంచెకి బెల్లం అంటించుకునే కాపురాలు మొదలుపెట్టారు.

దాని ఉద్యోగం ఊడింది మా నాన్న వల్ల. అందరూ చెప్పేది అదే. నాన్నకి అప్పుడు ఇరవై మూడేళ్లు. కాలవ గట్టు దిగే వాలులో కారు ఆపి సోడా తాగడానికి దిగాడు. సగం సోడా అయ్యాక తల తిప్పి చూస్తే కారు లేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, మెల్లగా, తనంతట తనే కాలవలోకి దిగుతోంది. మనుషులకెవరికీ ఏమీ కాలేదు. బెల్లం మాత్రం కరిగిపోయింది. ఆ పూట కింద రేవులో స్నానాలు చేసినవాళ్లకి చీమలు పట్టాయని ఊళ్లో ఒక కథ ఉంది. నేను నమ్మను. అలాగని చెప్పడం మానను.

ట్రాక్టర్ పెట్టి కారుని పైకి లాగారు. 'హ్యాండ్‌బ్రేక్ వెయ్యడం మర్చిపోయాడు' అని ఊరు తీర్పు చెప్పేసింది. మా మామ్మ కూడా పోయేదాకా అదే మాట అంది. తాతయ్య ఒక్క మాట అనలేదు. కారుని గోడౌన్‌లో పెట్టించి, సంచులు కప్పించి, కొట్టుకి వెళ్లిపోయాడు. నాలుగు తిట్టుంటే ఆ వారంతో అయిపోయేది. తిట్టలేదు కాబట్టి ముప్పై నాలుగేళ్లు నడిచింది.

ఆ తర్వాత నాన్న కారు స్టీరింగ్ పట్టుకోలేదు. స్కూటర్ నడుపుతాడు. అది కూడా స్టాండ్ వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసి, మళ్లీ వచ్చి స్టాండ్ ఇంకోసారి తొక్కితే గానీ ఆయన మనసు కుదుటపడదు. చదునైన నేల మీద కూడా అంతే.

అలాంటి మనిషి కిందటేడు ఓ మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రకటించాడు. "నాన్నగారూ, ఆ కారు బాగు చేయిద్దామనుకుంటున్నానండి. నేనే నడుపుతాను. మీరు పక్కన కూచోవాలి."

తాతయ్యకి ఎనభై ఆరు. మజ్జిగ పోసుకుంటూ, "ముందు కదలనీ, చూద్దాం" అన్నాడు.

నాన్నకి కావలసింది అదొక్కటే. తను నడపాలి, ఆయన భయపడకుండా పక్కన కూచోవాలి. ఆ మాట నాన్న బయటికి చెప్పలేదు. కానీ పెసరపప్పు వడ్డించుకోవడం కూడా మర్చిపోయి తాతయ్య మొహంలోకి చూస్తుంటే తెలియకపోవడానికి మేమేం కొత్తవాళ్లం కాదు.

నాకు ఇంటి నుంచే ఉద్యోగం. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి అన్నీ వచ్చని మా ఇంట్లో ఒక నమ్మకం. కాబట్టి ప్రాజెక్టు మేనేజరు నేనే అయ్యాను. మెకానిక్‌గా ట్రాక్టర్లు బాగుచేసే ఆయన వచ్చారు. కారు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశారు.

"అవుద్దంటారా అండి?" అన్నాడు నాన్న.

"ఆయ్, ఎందుకవదండీ? ఇంజిను, గేరుబాక్సు, రేడియేటరు, అడుగు రేకు మారిస్తే సరిపోద్దండి."

"మరి పాతది ఏం మిగులుతుందండీ?" అన్నాను నేను.

ఆయన కాసేపు నిజాయితీగా ఆలోచించారు. "హారన్ బాగుందండి, అమ్మాయిగారు."

అదృష్టం కొద్దీ ఇంజిన్ అంత పాడవలేదు. విప్పి, కడిగి, రాజమండ్రి పాత ఇనుము కొట్లలో తిరిగి వేరే కార్ల ముక్కలు తెచ్చి అతికించాం. కొన్ని సరిపోయాయి, కొన్నిటిని సరిపోయేదాకా సుత్తితో ఒప్పించారు. వెనక సీటు విప్పితే లోపల చీమల పుట్ట. తాతల కాలంనాటి బెల్లం వాసన తప్ప ఏమీ మిగలని చోట తరతరాలుగా కాపురం ఉంటున్నాయి. ఖాళీ చేయించడానికి పసుపు చల్లి, నాలుగు రోజులు గడువిచ్చాం.

నాన్న రోజూ మధ్యాహ్నం కొట్టు మూసి ఉండే రెండు గంటలూ గోడౌన్‌లోనే. ఉప్పుకాగితం పట్టి తుప్పు గీకేవాడు. మా మామ్మ చీరల రంగని కొందరు, కాలవ నీళ్ల రంగని కొందరు అనేవారు గానీ, కారు అసలు రంగేంటో గీకితే తప్ప తెలియలేదు. పాల మీగడ రంగు. తర్వాత కొత్తగా వేయించిందీ అదే. అది బయటపడిన రోజు నాన్న నన్ను ఫోన్ మీటింగులోంచి లాక్కెళ్లి మరీ చూపించాడు. నా పై అధికారికి 'ఇంట్లో అత్యవసరం' అని మెసేజ్ పెట్టాను. అబద్ధం కాదు. నాన్న మొహం చూస్తే అత్యవసరమే.

ఓ రోజు మెకానిక్ గారు కారు కిందికి దూరి ఉన్నారు. నేను టార్చి పట్టుకుని పక్కనే బోర్లా పడుకున్నాను. నాన్న కొట్లో ఉన్నాడు.

"ఇదేంటండీ? బ్రేకు వైరుకి తాడు కట్టారు!" అన్నారాయన.

హ్యాండ్‌బ్రేక్ వైరు మధ్యలో తెగి ఉంది. తెగిన రెండు కొసలనీ కలుపుతూ ఎవరో నీలం నైలాన్ తాడు కట్టారు. ఒక కొసకి ముడి ఇంకా అలాగే ఉంది. రెండో కొస ముడి జారి ఊడిపోయి ఉంది.

"అప్పటి టెక్నాలజీ అండీ" అన్నాను. కానీ ఆ ముడి మీదనుంచి టార్చి తియ్యలేకపోయాను.

అది మా కొట్టు ముడి. తాతయ్య పొట్లాలకి వేసేది. రెండు చుట్లు చుట్టి, కొసని మడిచి లోపలికి దూర్చి లాగుతాడు. కింద పడేసినా విప్పుకోదు, ఇంటికెళ్లి కొస పట్టి లాగితే ఒక్క లాగుకే ఊడిపోతుంది. మా కొట్టు పొట్లం విప్పడానికి కత్తి అక్కర్లేదని జనం మెచ్చుకుంటారు. ఆ ముడి నాన్నకి రాదు, నాకు రాదు. తాతయ్య ఇప్పటికీ రోజూ పొద్దున కొట్లో కూచుని ఓ గంట అదే పని చేస్తాడు. పంచదార పొట్లానికి అంతకంటే మంచి ముడి లేదు. లాగితే ఊడడమే దాని గొప్ప. లాగితే బిగుసుకోవలసిన హ్యాండ్‌బ్రేక్‌కి ఆ ముడి వెయ్యడం కిరాణా కొట్టు వాళ్లకి మాత్రమే చేతనవుతుంది.

ముడి చెదరకుండా తాడు ముక్కని వైరు కొసతో సహా కోయించి, ఎవరూ లేనప్పుడు తీసుకెళ్లి తాతయ్య బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. చూశాడు. చాలాసేపు చూశాడు.

"మంచి తాడు. ఇప్పుడు ఇలాంటివి రావట్లేదు" అని జేబులో పెట్టుకున్నాడు.

అమ్మకి చెప్పాను. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. గింజ తియ్యడం ఆపలేదు.

"నువ్వు మీ నాన్నతో అనకు. అది మావయ్యగారు చెప్పాల్సిన మాట."

"చెప్పకపోతే?"

"నీకెందుకే అంత తొందర? ఎప్పుడూ వాగే నోరేగా, కొన్నాళ్లు మూసుకుంటే అరిగిపోదు."

జోకు వెయ్యకుండా నేను అన్ని రోజులు ఎప్పుడూ లేను. నాన్న గోడౌన్‌లో చెమటలు కక్కుతూ, "ఈసారి హ్యాండ్‌బ్రేక్ కొత్త వైరు వేయించమ్మా, రెండు వేసినా పరవాలేదు" అంటుంటే, నాలుక కొరుక్కోవడం తప్ప నాకు పని లేకపోయింది.

టాపు కుట్టడానికి రాజమండ్రిలో అడిగితే ఆ పని చేసేవాళ్లు ఎవరూ దొరకలేదు. మా వీధిలో శామియానాలు కుట్టే టైలర్ ముందుకొచ్చాడు. "గుడ్డ గుడ్డేనండీ. పది మంది మీదైనా ఒకటే, నలుగురి మీదైనా ఒకటే" అన్నాడు. కుట్టాడు. బాగా కుట్టాడు. కాకపోతే చేతికి అలవాటైన పని కదా, చుట్టూ శామియానాకి వేలాడినట్టే అర్ధచంద్రాల జాలరు పెట్టేశాడు. ఎర్ర అంచు కూడా. టాపు వేస్తే మా కారు కింద ఏదో బంతి భోజనాలు జరుగుతున్నట్టుంటుంది. విప్పమని అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. అంత ఇదిగా నవ్వుతూ నిలబడ్డాడు.

ఈలోగా నాన్న రాజమండ్రిలో డ్రైవింగ్ స్కూల్లో చేరాడు. మన ఊళ్లో అయితే నలుగురూ చూస్తారట. మొదటి రోజే బ్రిడ్జి మీద మా కొట్టుకి రోజూ వచ్చే ఆయన బైకు మీద పక్కనే వెళ్తూ, "బాగున్నారాండీ?" అని పలకరించాడు. సాయంత్రానికి నిడదవోలంతటికీ తెలిసిపోయింది. నాన్న లైసెన్సు తెచ్చుకున్నాడు గానీ రెండో గేరు దాటి ఎప్పుడూ వెళ్లలేదు. స్కూలాయన అడిగితే "ఇది చాలండి, నాకు తొందరేం లేదండి" అనేవాడట.

అమ్మ పంతులుగారిని అడిగి ముహూర్తం పెట్టేసింది. పని పూర్తయ్యాక ముహూర్తం పెట్టాలంటే మా ఇంట్లో పని ఎప్పటికీ పూర్తవదు, కాబట్టి ముహూర్తమే ముందు. ఆ పొద్దున కారుకి పసుపూ కుంకుమా పెట్టి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాం. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఎవరూ పిలవకుండానే ముందు సీట్లో కూచున్నాడు. నాన్న తాళం తిప్పాడు. దగ్గింది. రెండోసారి తిప్పాడు. ఇంకాస్త గట్టిగా దగ్గింది. మూడోసారి అందుకుంది. నిమ్మకాయలు నలిగాయి. అమ్మ కళ్లు తుడుచుకుని, కర్పూరం పొగ అంది. కర్పూరం ఇంకా వెలిగించలేదు.

అమ్మా నేనూ వెనక కూచున్నాం. టాపు తీసేశాం. బజార్లో జనం లేచి నిలబడి చూశారు. నాన్న ఎవరినీ చూడలేదు. రెండో గేరులో, రిక్షా కంటే కాస్త ముందుగా, కొట్టు దాటి, స్టేషన్ రోడ్డు దాటి, కాలవ గట్టుకి వచ్చాం.

"ఇక్కడ ఆపు" అన్నాడు తాతయ్య.

అదే వాలు. సోడా బండి ఉన్న చోట ఇప్పుడు కూల్‌డ్రింకుల కొట్టు ఉంది. నాన్న మెడ మీద చెమట వెనక సీట్లోంచి నాకు కనబడుతోంది.

"ఇక్కడెందుకండీ, ఇంకొంచెం ముందు..."

"ఆపరా అబ్బాయ్. హ్యాండ్‌బ్రేక్ వెయ్యి. దిగు."

నాన్న వేశాడు. దిగాడు. మేమూ దిగాం. నలుగురం రోడ్డు పక్కన నిలబడి కారుని చూస్తున్నాం. కారు మమ్మల్ని చూస్తోంది. కదల్లేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. కొట్టాయన బయటికొచ్చి, "ఏమైందండీ, పంక్చరా?" అన్నాడు. "లేదండి, కదలట్లేదని చూస్తున్నాం" అన్నాను. ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

తాతయ్య జేబులోంచి నీలం తాడు తీశాడు.

"ఇది నేను కట్టిందిరా. వైరు తెగితే రాజమండ్రి పోయి మార్పించాలి కదాని, బద్ధకించి ముడేశాను. నువ్వు ఆ రోజు బ్రేకు వేసే ఉంటావు. ముడి ఊడింది."

నాన్న తాడు అందుకున్నాడు. ఆ ముడిని గుర్తుపట్టడానికి ఆయనకి నా అంత సేపు కూడా పట్టలేదు.

"వేశానండి" అన్నాడు. ముడిని వేలితో తడుముతూ, "వేశాననే అనుకున్నానండి. అందరూ వెయ్యలేదంటుంటే, వెయ్యలేదేమో అనుకున్నాను" అన్నాడు.

కాలవలో గుర్రపుడెక్క మెల్లగా పోతోంది. అమ్మ నా మోచెయ్యి పట్టుకునే ఉంది, ఎక్కడ నోరు తెరుస్తానోనని.

"మరి అప్పుడే చెప్పచ్చు కదండీ, నాన్నగారూ?"

"చెబుదామనే కొట్లోంచి లేచాను రా. ఇంతలో బేరాలు తగిలాయి."

నాన్న ఆయన్ని చూశాడు. ముప్పై నాలుగేళ్ల బేరాలు. ముందు నాన్న భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని అమ్మ ఒక అడుగు ముందుకేసింది. నవ్వుతున్నాడు. కళ్లమ్మట నీళ్లొచ్చేలా, కారుకి ఆనుకుని మరీ నవ్వుతున్నాడు. తాతయ్య, "ఆనుకోకురా, కొత్త రంగు" అన్నాడు.

అందరం ఎక్కాం. నాన్న తాడు ముక్కని జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి తిరగాల్సిన మలుపు వచ్చింది. ఆయన తిరగలేదు, కొవ్వూరు రోడ్డు పట్టాడు.

"స్టవ్ మీద పప్పు పెట్టొచ్చానండీ" అంది అమ్మ.

"ఆపేసే వచ్చుంటావులే" అన్నాడు నాన్న. మా ఇంట్లో ఏదైనా ఆపారని ఆయన చూడకుండా నమ్మడం అదే మొదటిసారి.

రోడ్డు ఖాళీగా ఉంది. రెండు పక్కలా వరి. ఇంజిన్ రెండో గేరులో గోల పెడుతోంది. తాతయ్య కొంతసేపు ఓర్చుకున్నాడు.

"ఏరా, గేరు మార్చవా?"

నాన్న మూడో గేరు వేశాడు.