మూత తీసే చిన్నమామయ్య

చిన్నమామయ్యకు మూత కనిపిస్తే చెయ్యి ఆగదు. సబ్బుపెట్టె కానీ, మందుసీసా కానీ, పక్కవాళ్ల టిఫిన్ డబ్బా కానీ, తీసి లోపలికి తొంగి చూస్తే గానీ ఆయనకు ముద్ద దిగదు. చేసేది గడియారాల రిపేరు. రోజంతా వెనక మూతలు తీసిన చెయ్యి ఇంటికొచ్చి ఊరుకోమంటే ఊరుకుంటుందా?

పొయ్యి మీద గిన్నె ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ ఇంట్లో ఏ వంట చెడినా నేరం ఆయనదే. ఆయన ఊళ్లో లేని వారంలో పాలు విరిగితే, వెళ్లేముందు మూత తీసుంటాడని తీర్మానించారు.

అలాంటి ఇంటికి కోడలై వచ్చిన మూడో నెలలో, ఆదివారం రాత్రి భోజనం తానొక్కతే వండుతానంది ఆయన అన్నగారి కోడలు. పోస్టాఫీసు కౌంటర్లో వందమందికి జవాబు చెప్పే ఆ పిల్లకు అత్తగారి ముందు నోరు పెగలదు. అత్తగారు వంటలో చెయ్యి తిరిగిన మనిషి. ఒకరి వంట మెచ్చుకున్న దాఖలా లేదు. ఈ ఒక్క పూట ఆవిడ చేత ఇంకో ముక్క అడిగించుకోవాలని కోడలి పట్టుదల.

కిలోన్నర పంది మాంసం ఒకే ముక్కగా తెచ్చి, దారంతో బిగించి కట్టి, ఉప్పూ మిరియాలూ పట్టించింది. మందపాటి గిన్నెలో అన్ని వైపులా ఎర్రగా వేయించి, చుట్టూ ఉల్లిపాయలు, వెల్లుల్లి సర్దింది. నూనె చిటపటలకు జడిసి, పొయ్యి కట్టేసి నీళ్లు పోసి మూత పెట్టింది. ఇక సన్నని సెగ మీద రెండు గంటలు ఉడకాలి. గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

చిన్నమామయ్య ఒకసారి మంచినీళ్లకు వచ్చాడు. ఒకసారి కళ్లజోడు వెతుక్కుంటూ వచ్చాడు, అది ముక్కు మీదే ఉంది. రెండుసార్లూ వెనక్కి పంపింది. గంట తర్వాత ఎవరో వీధి తలుపు కొడితే లేచి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మూత ఆయన చేతిలో ఉంది.

"ఇందాకట్నుంచి బతిమాలుతున్నాను కదండీ," అంది ఏడుపు గొంతుతో.

ఆయన లైటర్ అందుకుని పొయ్యి వెలిగించాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, నీళ్లు పోయడానికి కట్టేసిన పొయ్యి మళ్లీ వెలిగించనేలేదని. గంటసేపు చల్లారిన గిన్నెకు కాపలా కాసింది. ముందుగదిలో ఎనిమిదిమంది ఆకలితో ఉన్నారు, అందులో అత్తగారొకరు.

"నేను మూత తీశాను, ఆవిరంతా పోయింది, ఇంకో రెండు గంటలు పడుతుందని చెప్పు," అన్నాడు చిన్నమామయ్య.

"మిమ్మల్ని తిడతారండీ."

"నాకు అలవాటేనమ్మా. నీకే కొత్త."

తిట్టారు. మామగారైతే ఆవిరి మహిమ గురించి తమ్ముడికి అరగంట పాఠం చెప్పారు. తమ్ముడు తలొంచుకుని వింటూనే బిస్కెట్ల డబ్బా మూత తీసి నాలుగు తిన్నాడు.

ఆలస్యమైతేనేం, చాకు ఆనించగానే మాంసం పొరలుగా విడిపోయింది. అత్తగారు ఇంకో ముక్కకని ప్లేటు రెండోసారి ముందుకు జరిపారు. కోడలికి ఆనందంతో కడుపు నిండిపోయింది, కానీ మనసు ఒప్పుకోలేదు. గిన్నెలు తోమేటప్పుడు అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అత్తగారు తోమడం ఆపలేదు.

"నేను కాపురానికొచ్చిన కొత్తలో కూరలో ఉప్పే వెయ్యలేదు. తను మూత తీశానని, ఉప్పంతా ఆవిరితో పోయిందని చెప్పాడు మీ చిన్నమామయ్య."

"ఎవరైనా నమ్మారా అండీ?"

"మీ మామగారు ఇప్పటికీ నమ్ముతున్నారు."